20 గేజ్ తుపాకీ, మా మేనకోడలి మొదటి జింక

ఒహాయోలో జింకల వేటకు మామూలు వేట రైఫిల్ తీసుకెళ్లడానికి వీల్లేదు. నేల చాలావరకు చదును, పొలాల మధ్యన ఇళ్లు, రోడ్లు. గురి తప్పిన రైఫిల్ తూటా ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఇక్కడివాళ్లు తరతరాలుగా షాట్‌గన్‌లో స్లగ్ వేసుకునే వెళ్లారు. పక్షుల తూటాలో వందల చిన్న గుళ్లుంటే స్లగ్‌లో ఒకటే పెద్ద గుండు. దగ్గరలో బలంగా తగులుతుంది, దూరం పోయేకొద్దీ త్వరగా నీరసించి నేలకు దిగిపోతుంది. 2014 నుంచి స్ట్రెయిట్ వాల్ తూటాల (తొడుగు పైన సన్నబడకుండా తిన్నగా ఉండేవి) రైఫిళ్లకు కూడా అనుమతి ఇచ్చారు. అయినా స్లగ్ గన్‌లు పోలేదు. చాలా ఇళ్లలో అవే ఉన్నాయి కాబట్టి పిల్లలు వాటితోనే మొదలుపెడతారు.

మా అక్క కూతురికి పదమూడేళ్లు. మేముండేది కొలంబస్‌కు ఉత్తరాన. చిన్నప్పటి నుంచీ నాతో పాటు మాటులో కూర్చోవడానికి వచ్చేది. చప్పుడు చేయకుండా గంటల తరబడి కూర్చోగలదు, అది అందరు పిల్లల వల్లా కాదు. ఒకరోజు, "మామయ్యా, ఈసారి నేను కాలుస్తా" అంది. మా అక్క వెంటనే ఒప్పుకోలేదు. "స్కూల్లో తుపాకీ వస్తే బల్ల కింద ఎలా దాక్కోవాలో నేర్పుతున్నారు. నువ్వేమో దాని చేతికే తుపాకీ ఇస్తానంటున్నావు" అంది. దానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. తుపాకీ మా ఇంట్లో, నా సేఫ్‌లో ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంటుంది, వేట కోర్సు పాసయ్యాకే ముట్టుకుంటుంది అని మాటిచ్చాను. మా బావ ఒకటే అన్నాడు: కొట్టినదాన్ని తినాలి, తినకపోతే మళ్లీ వెళ్లొద్దు.

మాది మార్కాపురం వైపు, నల్లమల అంచు. అక్కడ జింక అంటే ఫారెస్టు వాళ్ల బోర్డు మీద బొమ్మ, ముట్టుకుంటే కేసు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక పుట్టినవాళ్లం కదా, మాకు వేట అంటే తాతల కబుర్లే. ఇక్కడ అదే పని లైసెన్సుతో, పర్మిట్‌తో, లెక్కతో జరుగుతుందని తెలిసినప్పుడు నాకూ వింతగానే ఉండింది. జింకలు మరీ పెరిగి పంటలు తినేస్తున్నాయి, కార్లకు అడ్డం పడుతున్నాయి, వాటిని తినే పెద్ద మృగాలు ఇక్కడ లేకుండా పోయాయి. ఇంకో సంగతి, కొత్తగా వచ్చినవాళ్ల కోసం: హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే ఆ చట్టంలో మినహాయింపు ఉంది. స్నేహితుడి మాట నమ్మి ముందుకు వెళ్లకండి, లాయర్ని అడిగి కాగితాలు సరిచూసుకోండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆ జోలికి పోలేదు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఆ పిల్ల నాకన్నా బాగా చదివింది. అది పెద్ద విషయం కాదు, పరీక్ష రాసింది, పాసయింది. అసలు కథ తుపాకీ దగ్గర మొదలైంది.

పిల్లలకు స్లగ్ గన్ నేర్పడంలో ఉన్న చిక్కు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పేలగానే అది భుజాన్ని వెనక్కి తన్నుతుంది. ఔన్సు బరువున్న 12 గేజ్ స్లగ్ సెకనుకు 1,600 అడుగుల వేగంతో బయటికి పోతుంటే, ఆ తన్ను పెద్ద జంతువుల వేటకు వాడే .30-06 రైఫిల్‌ని మించే ఉంటుంది. తొంభై పౌన్ల పిల్ల భుజానికి అది ఒక్కసారి తగిలితే చాలు, ఆ తర్వాత ప్రతిసారీ ట్రిగర్ నొక్కే ముందే కళ్లు మూతపడతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది, గుండు నేలలోకి పోతుంది. ఆ భయం ఒకసారి పట్టుకుంటే వదిలించడానికి నెలలు పడుతుంది. గురి కుదరడం లేదని పెద్దవాళ్లు సైట్‌ని, అంటే గురి చూసే పరికరాన్ని, తిప్పుతూ ఉంటారు. తప్పు సైట్‌లో ఉండదు.

అందుకే 20 గేజ్. గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, గుండు చిన్నదవుతుంది. తేలిక తుపాకీ పిల్లలకు మంచిదని అందరూ అనుకుంటారు గానీ, తేలికదైతే ఇంకా గట్టిగా తన్నుతుంది. పాత సింగిల్ షాట్ యూత్ తుపాకులు మోయడానికి హాయిగా ఉంటాయి, స్లగ్ వేసి కాలిస్తే దవడ అదురుతుంది. బరువు కొంచెం ఉండాలి, వెనక రబ్బరు ప్యాడ్ మెత్తగా ఉండాలి, స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని పొడవు పిల్ల చేతికి సరిపోవాలి. మోచేయి మడిచి, స్టాక్ వెనక భాగం మోచేతి వంపులో ఆనిస్తే చూపుడువేలు ట్రిగర్‌కు అందాలి. అందకపోతే ఆ తుపాకీ పిల్లది కాదు. గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ దొరికితే తన్ను ఇంకా తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. మాకు దొరికింది వాడిన పంప్ యాక్షన్ (ప్రతి తూటాకీ ముందరి పట్టుని వెనక్కి లాగి తోసే రకం) యూత్ మోడల్. స్టాక్‌లో తీసి పెట్టుకునే స్పేసర్లున్నాయి, పిల్ల పెరిగితే పొడవు పెంచుకోవచ్చు. రెండు బ్యారెళ్లతో, అంటే గొట్టాలతో, వచ్చింది. ఒకటి నున్నది, ఒకటి లోపల మరలు తిరిగిన రైఫిల్డ్ బ్యారెల్.

ఈ రెండు బ్యారెళ్ల తేడా తెలియకుండా తూటాలు కొంటే డబ్బు నేలపాలే. నున్నటి బ్యారెల్‌కు ఫాస్టర్ స్లగ్. కార్ల్ ఫాస్టర్ అనే ఆయన 1931లో చేసింది. ముందు బరువు, వెనక గుల్ల. షటిల్ కాక్ లాగా ముందు భాగం బరువు మీదే తిన్నగా పోతుంది. దాని ఒంటి మీద వాలుగా గీతలుంటాయి. అవి గుండుని తిప్పుతాయని చాలామంది నమ్మకం. అవి ఉన్నది చోక్‌లోంచి, అంటే గొట్టం కొసన సన్నబడ్డ చోటులోంచి, పోయేటప్పుడు సీసం నలిగి సర్దుకోవడానికి. రైఫిల్డ్ బ్యారెల్‌కు సేబో స్లగ్. చిన్న గుండు, చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు మరలను పట్టుకుని గుండుని తిప్పుతుంది, బయటికి రాగానే రాలిపోతుంది. సేబోని నున్నటి బ్యారెల్‌లో వేస్తే అది తిరగదు, ఎటు పోతుందో చెప్పలేం. ఫాస్టర్‌ని రైఫిల్డ్ బ్యారెల్‌లో వేస్తే మరల నిండా సీసం పట్టి, తోముకోలేక చావాలి. ధరలో కూడా తేడా బాగానే ఉంటుంది. రెండూ అయిదేసి తూటాల డబ్బాల్లోనే వస్తాయి, సేబో డబ్బా ఫాస్టర్‌కి రెట్టింపుకు తక్కువ ఉండదు.

తుపాకీ కొన్న వెంటనే పిల్ల చేతికి స్లగ్ ఇవ్వలేదు. ముందు .22 రైఫిల్. దానికి తన్నే లేదు, చప్పుడు తక్కువ, తూటాలు చవక. ట్రిగర్‌ని లాగకుండా మెల్లగా నొక్కడం, ఊపిరి సగం వదిలి ఆపడం, కాల్చాక కూడా తల ఎత్తకుండా గురి వైపే చూడటం, ఇవన్నీ దానిమీదే వచ్చాయి. షాట్‌గన్‌కి పెట్టబోయే రెడ్ డాట్ సైట్‌నే ముందు .22కి బిగించాను. స్కోప్ కన్నా రెడ్ డాట్ ఎందుకంటే, స్కోప్‌కి కన్ను ఒక దూరంలోనే ఉండాలి, తన్నినప్పుడు దాని అంచు కనుబొమకు తగిలి అర్ధచంద్రం గీస్తుంది. రెడ్ డాట్‌కి ఆ గొడవ లేదు. తల ఎక్కడున్నా ఎర్ర చుక్క కనిపిస్తే చాలు, చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికే. స్లగ్ పోయే దూరానికి పెద్దదిగా చూపించే అద్దాలు అంత అవసరం కూడా లేదు. ఒకే సైట్ రెండు తుపాకుల మీదా వాడటం వల్ల పెద్ద తుపాకీ చేతికొచ్చేసరికి కంటికి కొత్త ఏమీ లేదు.

తర్వాత అదే 20 గేజ్‌లో నున్నటి బ్యారెల్ బిగించి, తేలికపాటి పక్షుల తూటాలు. పెద్ద అట్టపెట్టె ముందు పెట్టి కాల్చమన్నాను. గురి కోసం కాదు, భుజానికి ఆనించడం అలవాటవడానికి. బట్, అంటే స్టాక్ చివర, భుజం ఎముక మీద కాకుండా లోపలి గుంటలో కూర్చోవాలి, చెంప స్టాక్‌కి గట్టిగా ఆనాలి, ఒళ్లు కొంచెం ముందుకు వాలాలి. పిల్లలు బరువు మోయలేక నడుము వెనక్కి విరుస్తారు. అలా నిలబడితే ఎంత చిన్న తూటా అయినా వెనక్కి తోస్తుంది.

చప్పుడు గురించి నాకు ముందు అంతగా తట్టలేదు, పక్కింటి పెద్దాయన చెప్పాడు. ఆయన నలభై ఏళ్లుగా ఈ రాష్ట్రంలో స్లగ్‌లతో వేటాడుతున్నాడు, మనవళ్లకు నేర్పాడు. పిల్లలు ఉలిక్కిపడేది సగం తన్నుకి కాదు, చప్పుడుకి అంటాడాయన. చెవుల్లో నురుగు ప్లగ్‌లు పెట్టి, పైన ఎలక్ట్రానిక్ మఫ్‌లు పెట్టించాడు. రెండూ. మఫ్‌లు మాటని వినిపిస్తాయి, పేలుడుని అణచేస్తాయి. పైకప్పున్న రేంజ్‌లో చప్పుడు మళ్లీ మన మీదకే తిరిగొస్తుంది కాబట్టి అవతలి బల్ల మీద పెద్ద తుపాకులు పేలుస్తుంటే మేం ఆగేవాళ్లం, వాళ్లు సర్దుకుని వెళ్లాకే మొదలుపెట్టేవాళ్లం.

రేంజ్ అంటే డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో ఉన్న ప్రభుత్వ రేంజ్. పెద్దవాళ్లకు పర్మిట్ కావాలి. వారాంతాల్లో సీజన్ దగ్గరపడేకొద్దీ జనం, క్యూ. వేసవిలోనే వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది.

స్లగ్‌లతో సైట్ సరిచేసే పని నేనే చేశాను, పిల్లని కూర్చోబెట్టలేదు. బల్ల మీద ఆనించి కాల్చేటప్పుడు ఒళ్లు వెనక్కి కదలదు, తన్ను మొత్తం భుజమే తినాలి. ఆ పని పిల్లలతో చేయిస్తే నేర్పినదంతా ఒక్కపూటలో పోతుంది. ముందు 25 గజాల దగ్గర కాగితం మీద ఎక్కడో ఒకచోట తగిలేలా చూసుకుని, తర్వాత 50 గజాలకు పోవాలి. ప్రతి రెండు మూడు స్లగ్‌లకీ బ్యారెల్ చల్లారనివ్వాలి. వేడెక్కిన బ్యారెల్ చెప్పేది నిజం కాదు. వేటలో కాల్చేది చల్లటి బ్యారెల్‌తోనే కదా.

ఇక్కడే మాకు చుక్కలు కనపడ్డాయి. 50 గజాల్లో మూడు స్లగ్‌లు దగ్గరదగ్గరగా పడతాయి, నాలుగోది అరచేయి వెడల్పు పక్కకి. సైట్ తిప్పుతాను, సరిగా పడుతుంది. ఇంటికి తీసుకెళ్లి శుభ్రం చేసి మళ్లీ తెస్తే మొత్తం గుంపు వేరే చోట. బ్రాండ్ మార్చి చూశాను, అదే వరస. పెద్దాయన వచ్చి తుపాకీ తీసుకుని, ఖాళీ అని చూసుకుని, ఒక చేత్తో రిసీవర్ (తూటాని పేల్చే యంత్రం ఉండే నడిమి భాగం), ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని మెలిపెట్టాడు. బ్యారెల్ కొంచెం కదిలింది. కంటికి కనపడేంత కాదు, చేతికి తెలిసేంత.

పంప్ షాట్‌గన్‌లలో బ్యారెల్ విప్పి మార్చుకునేలా ఉంటుంది, కాబట్టి రిసీవర్‌తో దాని పట్టు రైఫిల్‌లో ఉన్నంత బిగుతుగా ఉండదు. పాత యజమాని సైట్ పట్టీని రిసీవర్ మీద బిగించాడు. సైట్ ఒకచోట, గుండు పోయే గొట్టం ఇంకోచోట. గొట్టం వెంట్రుకవాసి కదిలితే 50 గజాల దగ్గర అది అంగుళాల్లోకి మారుతుంది. మందు ఏమిటంటే, సైట్‌ని బ్యారెల్‌కే బిగించాలి. క్యాంటిలీవర్ అని బ్యారెల్‌తో పాటే ఒక పట్టీ వెనక్కి రిసీవర్ మీదకు వచ్చే రకం ఉంటుంది. దానిమీద సైట్ పెడితే బ్యారెల్ కదిలినా సైట్ దాంతోపాటే కదులుతుంది. అలాంటి రైఫిల్డ్ బ్యారెల్ వేరేగా కొన్నాం. తుపాకీ చవగ్గా వచ్చిందన్న సంతోషం అక్కడితో సరి. పెద్దాయన దగ్గర బోల్ట్ యాక్షన్ శావేజ్ 220 ఉంది, 20 గేజే. బ్యారెల్ మరతో బిగించి ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు, రైఫిల్ లాగా కొడుతుంది. కొత్తగా కొనేవాళ్లకు నేను కూడా అదే చెబుతాను.

కొత్త బ్యారెల్ వచ్చాక తూటాల పరీక్ష. ఒకే గేజ్, ఒకే బరువు అయినా ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో బ్రాండ్ నచ్చుతుంది, దీనికి లెక్క లేదు, కాల్చి చూడాల్సిందే. దుకాణంలో దొరికిన సేబోలు ఒక్కో డబ్బా కొన్నాను. మా బ్యారెల్‌కి హార్నాడీ ఎస్‌ఎస్‌టీ నచ్చింది. 250 గ్రెయిన్ల గుండు, సెకనుకు 1,800 అడుగుల వేగం. 50 గజాల్లో అంగుళం పైకి పడేలా పెట్టాను, అప్పుడు 100 గజాల దగ్గర దాదాపు చుక్క మీదే ఉంటుంది. పిల్ల 100 గజాలు కాల్చదు, అయినా దగ్గర దూరాల్లో పైకీ కిందకీ లెక్కలు వేసుకునే పని తప్పుతుంది. అదే ఫాస్టర్ స్లగ్‌ని 50 గజాలకు సరిచేస్తే 100 గజాలకు నాలుగైదు అంగుళాలు దిగిపోతుంది. ఏ డబ్బాతో సైట్ సరిచేశామో అదే లాట్ నంబర్ డబ్బాలు ఇంకొన్ని కొని దాచాను. సీజన్ దగ్గరికొస్తే అల్మరాలు ఖాళీ అయిపోతాయి.

అప్పుడు పిల్ల వంతు. బల్ల మీద కాదు, మాటులో ఎలా కూర్చుంటుందో అలాగే. మడత కుర్చీ, ముందు మూడు కాళ్ల షూటింగ్ స్టిక్స్. ఒక పూటకు మూడు స్లగ్‌లు, ఎంత బాగా కాల్చినా అంతే. నాలుగోది అడిగితే .22 ఇచ్చేవాణ్ణి. భుజం మీద చొక్కా లోపల మెత్తటి ప్యాడ్, ఎవరికీ కనపడనిది. అది సిగ్గుపడే విషయం కాదని చెప్పడానికి నేను కూడా ఒకటి కట్టుకున్నాను. నిజానికి హాయిగా ఉంది, అప్పటి నుంచి తీయలేదు.

ఉలిక్కిపాటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. తుపాకీ నేనే నింపి ఇస్తాను. కొన్నిసార్లు నిజం తూటా, కొన్నిసార్లు డమ్మీ. ఏది ఉందో పిల్లకు తెలియదు. డమ్మీ మీద టక్‌మన్నప్పుడు తుపాకీ మూతి కదలకుండా ఉంటే ట్రిగర్ బాగున్నట్టు. మూతి కిందికి వంగితే భయం లోపలుంది. మొదట వంగింది. తనే చూసి నవ్వేసింది, "అయ్యో, పేలకుండానే ఎగిరాను మామయ్యా!" అని. ఆ నవ్వుతోనే సగం టెన్షన్ పోయింది. ఎవరు ఎంత చెప్పినా ఎక్కనిది, తన చేతిలో తుపాకీ వంగడం చూస్తే ఎక్కింది. తర్వాత తిరగేసి నాకు నింపి ఇచ్చింది. నేనూ వంగాను, కొంచెమే.

దూరం మాత్రం కాగితం పళ్లెం తేల్చింది. తొమ్మిదంగుళాల పళ్లెం, మధ్యలో గీతలూ చుక్కలూ ఏమీ లేకుండా. జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. కుర్చీలో కూర్చుని, కర్రల మీద ఆనించి, చల్లటి బ్యారెల్‌తో వేసిన మొదటి స్లగ్ ప్రతిసారీ పళ్లెంలో పడాలి. ఒక్కటి బయటికి పోయినా ఆ దూరం మనది కాదు. 40 గజాల్లో ఎప్పుడూ తప్పలేదు. 60లో కూడా నిలబడింది. 75లో ఒకటి అంచు చీల్చుకుని పోయింది. సరే, 60. తుపాకీ 120 గజాలకు కూడా కొడుతుంది, డబ్బా మీద ఇంకా ఎక్కువే రాసుంటుంది, కానీ ఆ లెక్క మాకు అక్కర్లేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. 75 అంటే పెద్దవాళ్ల దూరం అని దాని లెక్క.

ఎక్కడ కొట్టాలో నేర్పడానికి బొమ్మలు గీసి చూపించాను, పెరట్లోకి వచ్చే జింకలనూ చూపించాను. పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు. కొంచెం అవతలికి తిరిగి ఉంటే అవతలి వైపు ముందుకాలు లక్ష్యం, గుండు అక్కడికి పోయే దారి చూసుకోవాలి. మన వైపు తిరిగి ఉంటే కాల్చకూడదు. తల మీద అసలు వద్దు. వెనకాల ఏముందో చూడాలి: ఇల్లు, రోడ్డు, ఇంకో జింక, మిట్ట మీద ఆకాశం, ఏదున్నా ట్రిగర్ దగ్గరికి వేలు పోకూడదు. బస్సు కిటికీలోంచి కనపడ్డ ప్రతి జింకకూ "ఇప్పుడు కొట్టొచ్చా, కొట్టకూడదా" అని ఆడుకునేది. స్కూలు బస్సులో ఈ ఆట బయటికి ఆడొద్దని మా అక్క వార్నింగ్.

చలి మొదలయ్యాక ఒక్కసారి పూర్తి వేట బట్టలతో కాల్పించాలని పెద్దాయన పట్టుబట్టాడు. మంచి పని చేశాడు. లావు కోటు వేసుకునేసరికి స్టాక్ పొడవైపోయింది, బట్ చంకలోకి జారిపోతోంది. ఒక స్పేసర్ తీసేశాం. నారింజ రంగు చొక్కా పట్టీ సరిగ్గా బట్ ఆనేచోటికి వస్తోంది, దాన్ని పిన్నుతో పక్కకు పెట్టాం. చేతి తొడుగుతో ట్రిగర్ తెలియడం లేదంటే చూపుడువేలు కొస కత్తిరించాం. రేంజ్‌లో టీ షర్టుతో ఎంత బాగా కాల్చినా ఇవేవీ తెలియవు.

ఒహాయోలో పిల్లలకు విడిగా రెండు రోజుల గన్ సీజన్ ఉంటుంది, నవంబరు మధ్యలో శని, ఆదివారాలు. 17 ఏళ్లు, అంతకు లోపు వాళ్లకు. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, ఆ పెద్దవాళ్లు వేటాడకూడదు. ఈ నియమం నాకు చాలా నచ్చింది. నా చేతిలో తుపాకీ ఉంటే నా కళ్లు జింక మీద ఉండేవి. లేదు కాబట్టి పిల్ల వేలి మీదా, తుపాకీ మూతి మీదా ఉన్నాయి. షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించకూడదు, వేటాడేవాళ్లు నారింజ రంగు వేసుకోవాలి, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే. పెద్దాయనకు తెలిసిన రైతు పొలం, సోయా కోసేసి ఉంది, వెనక చిన్న అడవి. ప్రైవేటు భూమిలో వేటకు యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాం.

ముందురోజు సాయంత్రం మాటు డేరా నుంచి రేంజ్‌ఫైండర్‌తో కొలిచి, 60 గజాల దగ్గర నాలుగు దిక్కులా పొదలకు గులాబీ రిబ్బన్లు కట్టాం. రిబ్బన్‌కు ఇవతల మనది, అవతల కాదు. చీకట్లో, తొందరలో, గుండె కొట్టుకుంటుంటే దూరం ఎవరూ సరిగా అంచనా వేయలేరు, నేను కూడా. మంచె ఎక్కించలేదు. పిల్లతో మొదటిసారి అంటే నేల మీద మాటే నయం, కదిలినా కనపడదు, పడిపోయే భయం లేదు.

శనివారం పొద్దున్నే కొమ్ముల పోతు ఒకటి వచ్చింది. ఎనిమిది కొసలు, మెడ లావెక్కి ఉంది. పొలం అవతలి గట్టు వెంబడి మెల్లగా పోతోంది. నా ఊపిరే ఆగింది. పిల్ల తుపాకీ కర్రల మీద పెట్టింది, చుక్క వెలిగించింది, చూసింది. తర్వాత నా వైపు తిరగకుండానే, "రిబ్బన్ అవతలుంది మామయ్యా" అంది. కొలిచి చూస్తే 95 గజాలు. అది అడవిలోకి వెళ్లిపోయేదాకా చూస్తూ కూర్చున్నాం. నిజం చెప్పాలంటే, నా చేతిలో తుపాకీ ఉంటే నేను కాల్చేవాణ్ణేమో.

మధ్యాహ్నం తిరిగాక మూడు ఆడ జింకలు అడవిలోంచి వచ్చాయి. పెద్దది ముందు. 40 గజాల దగ్గర తల వంచి మేస్తోంది, మా వైపు తిరిగి. పిల్ల ఆగింది. చాలాసేపు ఆగింది. అది పక్కకు తిరిగింది, వెనక ఇంకోటి అడ్డం నిలబడింది. మళ్లీ ఆగింది. వెనకది జరిగాక నేను "ఊఁ" అన్నాను, అంతే. సేఫ్టీ తీసిన చప్పుడు మఫ్‌లలో వినిపించింది. పేలిన తర్వాత కూడా చెంప స్టాక్ మీదే ఉంది. అది చూశాను, జింకని చూడలేదు. పిల్లే చెప్పింది, వెనక కాళ్లు ఎగరేసి ఎడమ వైపు పరిగెత్తిందని, ఫలానా చెట్టు పక్కన అడవిలో దూరిందని.

అరగంట కదలనివ్వలేదు. వెంటపడితే దెబ్బ తిన్న జింక లేచి మైలు పోతుంది. ఆ అరగంటలో పిల్ల చేతులు వణకడం మొదలైంది, చాక్లెట్ ఇచ్చాను. తర్వాత తగిలిన చోటికి వెళ్లి చూస్తే గడ్డి మీద గులాబీ రంగు నెత్తురు, నురుగుతో. ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకా గంటలు ఆగాలి. ఆకుపచ్చ మరకలుంటే పొట్ట, అది చెడ్డ వార్త. జింక అడవి అంచు నుంచి పది అడుగుల లోపలే పడి ఉంది. గుండు ముందుకాలి వెనక, అనుకున్నదానికి రెండంగుళాలు పైన. పిల్ల కాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడ్చింది కొంచెం. నేనేమీ అనలేదు. తర్వాత తొడుగులు వేసుకుని, "ఇప్పుడేం చెయ్యాలి" అంది. పొట్ట చీల్చే పని తను సగం, నేను సగం.

ట్యాగ్ నింపి కట్టాం. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు గేమ్ చెక్ చేయాలి, అంటే కొట్టిన జింకని ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి, ఫోన్‌లోనే అయిపోతుంది. 2020లో వయాండాట్ కౌంటీ జింకలో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడ్డప్పటి నుంచి ఆ చుట్టుపక్కల కౌంటీలకు వేరే నియమాలున్నాయి, పరీక్షకు తల ఇవ్వాలి, కొన్ని భాగాలు బయటికి తీసుకెళ్లకూడదు. మేమున్న చోటుకు అవి వర్తించలేదు, అయినా ఏటా మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు చూసుకోవాలి. గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేశాం. సీసం గుండ్లు చిన్న ముక్కలుగా చెదురుతాయి, పిల్లలు తినే మాంసంలో అవి ఉండకూడదు. వచ్చే ఏడు పూర్తి రాగి గుండ్లు మా బ్యారెల్‌కి నచ్చుతాయేమో కాల్చి చూడాలి.

బావ పెట్టిన షరతు ఉందిగా. జింక మాంసంలో కొవ్వుండదు, మేక మాంసం లాగే వండితే గట్టిపడుతుంది. అక్క రాత్రంతా పెరుగు, అల్లంవెల్లుల్లిలో నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, తర్వాత గోంగూరతో వేసింది. బావే రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇప్పుడు పిల్ల కొత్త పాట ఎత్తుకుంది, ఫ్రెండ్ వాళ్ల నాన్నకి .350 లెజెండ్ అనే స్ట్రెయిట్ వాల్ తూటా రైఫిల్ ఉందట, తన్నదట, 150 గజాలు కొడుతుందట. అది నిజమే. 2019లో వచ్చిన ఆ తూటా ఒహాయోలో చెల్లుతుంది, పిల్లల భుజానికి స్లగ్ కన్నా చాలా సుఖం, తూటాలు కూడా సేబోల కన్నా చవక. ఇప్పుడే మొదలుపెట్టే ఇంట్లో ఒక్క తుపాకీయే కొనాలంటే నేను దానికే ఓటేస్తాను. మా ఇంట్లో మాత్రం ఇంకో ఏడు ఈ 20 గేజే. వేసవిలో మళ్లీ పళ్లెం పెడతాం, 75 గజాల దగ్గర. ప్రతిసారీ పడితే రిబ్బన్లు అక్కడికి జరుపుతానని మాటిచ్చాను.